ఆక్టేవియా వీఆర్‌ఎస్ కొనే ముందు

అన్నా, 70,000 కి.మీ. తిరిగిన 2017 స్కోడా ఆక్టేవియా వీఆర్‌ఎస్ కారు కొంటే నెలకు ఎంత అవుతుందని అడిగారు కదా. 230 హార్స్‌పవర్ టర్బో పెట్రోల్ అది. హైదరాబాద్ ట్రాఫిక్‌లో లీటరుకు 9 కి.మీ. మించి వస్తుందని లెక్కేసుకోవద్దు. నెలకు 900 కి.మీ. తిరిగితే 100 లీటర్లు, అంటే లీటరు 107 చొప్పున 10,700. అమ్మేవాళ్లు చెప్పే మైలేజీ హైవేది!

పెట్రోల్ కంటే గేర్‌బాక్సే అసలు టెన్షన్. ఇందులో ఉన్నది ఆయిల్‌లో మునిగి పనిచేసే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్, డీఎస్‌జీ అంటారు. 60,000 కి.మీ.కి ఒకసారి దాని ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. మార్చిన బిల్లు చూపించమనండి. బిల్లు లేకపోతే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి, మొహమాటపడకండి.

పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి. ముందే వేడి చేసి ఉంచితే ఇంకో రోజు వస్తానని వచ్చేయండి. స్టార్ట్ చేయగానే ఇంజిన్ లోపలి టైమింగ్ చైన్ గలగలమంటుందేమో వినండి. టార్చ్ వేసి వాటర్ పంప్ దగ్గర గులాబీ రంగు కూలెంట్ మరకలున్నాయేమో చూడండి. ఆ పంప్ ప్లాస్టిక్ హౌసింగ్ లీకవడం ఈ ఇంజిన్లలో మామూలే. నాలుగు టైర్ల తయారీ తేదీలూ చూడండి.

నేనైతే కారు ధరలో 15 శాతం మొదటి ఏడాది రిపేర్లకు విడిగా పెట్టుకుంటాను. అంత మిగలకపోతే ఈ కారు వద్దన్నా, ఫోక్స్‌వ్యాగన్ వాళ్ల చిన్న కారు పోలో జీటీ సెకండ్ హ్యాండ్‌లో చూడండి.