డాస్‌బాక్స్ నేరం కాదు, 49 రూపాయలే చిక్కు

ప్రశ్న: 1996లో మా ఊరి కంప్యూటర్ సెంటర్లో అన్నయ్యా నేనూ ప్రిన్స్ (ప్రిన్స్ ఆఫ్ పర్షియా), డేవ్ (డేంజరస్ డేవ్) అనే కంప్యూటర్ ఆటలు ఆడుకునేవాళ్లం. అన్నయ్య ఇప్పుడు లేడు. ఆయన ఫ్లాపీల్లోని ఆటలను ఫోనులో డాస్‌బాక్స్‌తో ఆడుతున్నాను. మరికొన్ని పాత ఆటలు కలిపి, టెలిగ్రామ్ గ్రూపులో అడిగినవాళ్లకు 49 రూపాయల చొప్పున ఇచ్చాను. ఒక కంపెనీ నుంచి లీగల్ నోటీసు వచ్చింది. అంత పాత ఆటలకు ఇంకా కాపీరైటు ఉంటుందా? సెంటర్ యజమాని ఆ ఆటలు అప్పుడే కొన్నట్టు పాత తేదీతో బిల్లు రాసిస్తానంటున్నారు. తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: మీ ఉత్తరం చాలావరకు అన్నయ్య గురించే ఉంది. కేసు మాత్రం ఆ 49 రూపాయల దగ్గరే తేలుతుంది.

డాస్‌బాక్స్ గురించి భయం వద్దు. అది జీపీఎల్ అనే, ఎవరైనా వాడుకుని పంచుకోనిచ్చే లైసెన్సుతో ఉచితంగా దొరికే ప్రోగ్రామ్. పాత కంప్యూటర్లను నడిపిన డాస్ అనే సాఫ్ట్‌వేర్ చేసే పని తానే చేస్తుంది కాబట్టి మైక్రోసాఫ్ట్ డాస్ కాపీ అవసరం లేదు. చిక్కంతా అందులో నడిపే ఆటతోనే.

కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 52(1)(ఎడి) ప్రకారం, చట్టబద్ధంగా సంపాదించిన కాపీ నుంచి, వ్యాపారం కాని సొంత వాడకానికి ప్రోగ్రామ్‌ను కాపీ చేసుకోవచ్చు. రెండు షరతులూ నెరవేరాలి. డబ్బు తీసుకుని పదిమందికి ఇచ్చినప్పుడే రెండోది పోయింది. అందుకే నిజమైన బిల్లు దొరికినా అది ఈ అమ్మకాలను కాపాడదు.

మొదటి షరతు మీద కూడా నాకు అనుమానం ఉంది. ప్రిన్స్‌లో మొదటి లెవెల్ దాటాక సీసాల గది వస్తుంది. ఆటతో ఇచ్చిన పుస్తకం చూసి సరైన అక్షరం ఉన్న సీసా తాగితేనే ముందుకు పోనిస్తుంది. మీ ఫ్లాపీలో ఆ గది రాకపోతే, లేదా ఏ సీసా తాగినా దారి ఇస్తుంటే, అది రక్షణ తీసేసిన దొంగ కాపీ అయి ఉండవచ్చు.

ఆట పాతదైనంత మాత్రాన హక్కు పోదు. మన చట్టంలో కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా సాహిత్య రచనే. రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. కంపెనీ మూతపడితే హక్కులు కొన్నవారి చేతికి వెళ్తాయి. ప్రిన్స్‌ను విడుదల చేసిన బ్రోడర్‌బండ్ 1998లో అలాగే చేతులు మారింది.

కాలపరిమితి లెక్క వేరు. నష్టపరిహారం దావాకు లిమిటేషన్ చట్టం, ఆర్టికల్ 88 కింద ఉల్లంఘన జరిగిన తేదీ నుంచి మూడేళ్లు. ప్రతి అమ్మకానికీ ఆ గడువు విడిగా మొదలవుతుంది. చిన్ననాటి సంవత్సరం రాశారు గానీ, మొదటి అమ్మకం ఎప్పుడో, నోటీసు ఏ రోజు అందిందో రాయలేదు! నాకు కావలసినవి ఆ తేదీలే. ఇంత అశ్రద్ధ పనికిరాదు.

ఆ బిల్లును మాత్రం చేత్తో ముట్టుకోకండి. జీఎస్టీ వచ్చింది 2017 జులైలో. జీఎస్టీ నంబరు అచ్చయిన ఇప్పటి బిల్లు మీద 1996 తేదీ వేస్తే ఎదుటి వకీలు చూసిన వెంటనే పట్టుకుంటారు. పాత బిల్లు పుస్తకం దొరికినా తప్పు తప్పే. రాజీతో ముగిసే వ్యవహారం భారతీయ న్యాయ సంహిత సెక్షన్లు 336, 340 కింద ఫోర్జరీ కేసవుతుంది, ఆ యజమానితో సహా. కాపీరైటు సెక్షన్ 63 ఒక్కటే చాలు: ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. అది నాన్‌బెయిలబుల్ అని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఈరోజే అమ్మకం ఆపండి. గ్రూపులో ఏమేమి పెట్టారో స్క్రీన్‌షాట్లు తీసుకుని, డౌన్‌లోడ్ లింకులు తీసేయండి. చాట్లు చెరపవద్దు, సాక్ష్యం మాయం చేశారన్న మరో ఆరోపణ వస్తుంది. యూపీఐ స్టేట్‌మెంట్‌తో అమ్మకాల పట్టిక తయారుచేసి, నోటీసులో ఇచ్చిన గడువు లోపే వకీలును కలవండి. సొంతంగా జవాబు రాసి తప్పు ఒప్పుకోవద్దు. ఇక అమ్మబోమన్న హామీపత్రం, కొంత పరిహారం ఇచ్చి రాతపూర్వకంగా రాజీ చేసుకోవడం మీకు మేలు. పోలీసు కేసు పడుతుందనిపిస్తే బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 482 కింద ముందస్తు బెయిలు అడగవచ్చు.

ఆడుకోవడానికైతే జీఓజీ వంటి వెబ్‌సైట్లలో చాలా పాత ఆటలు కాపీని అడ్డుకునే తాళాలు లేకుండా అమ్ముతున్నారు. కొన్న ఆట ఫైళ్లను ఫోనులోని డాస్‌బాక్స్‌లోకి మార్చుకుని ఆడండి. కొన్నప్పుడు వచ్చిన ఈమెయిలు రసీదు ప్రింటు తీసి దాచుకోండి.