అడవి బొమ్మలో చూపు నిలవకపోవడానికి కారణం

రెండు నెలలు కూర్చుని అడవి బొమ్మ వేస్తే, చూసినవాళ్లు "బాగుంది" అనేసి క్షణంలో వెళ్లిపోతున్నారన్నారు కదా. మీ గీతలో లోపం లేదండి. అందులో కంటికి పని లేదు, అంతే.

మనవి లక్షల ఏళ్లు బతుకుదారి వెతికిన కళ్లు. దూరం దాకా కనిపించాలి, మనం దాక్కోవడానికీ చోటుండాలి. ఈ రెండూ ఉన్న దృశ్యమే మనకు నచ్చుతుందని బ్రిటిష్ భూగోళ శాస్త్రవేత్త జే యాపిల్టన్ 1975లో ప్రతిపాదించారు. మీ చెట్లేమో గోడ కట్టినట్టు నిలబడ్డాయి. మధ్యలో రెండు మూడు తీసేసి, ఓ కాలిబాట వంపు తిరిగి చెట్ల వెనక మాయమయ్యేలా వేయండి. మలుపు అవతల ఏముందోనని చూపు దానంతటదే వెళ్తుంది. బాట తిన్నగా వేస్తే మాత్రం ఆ సరదా పోతుంది.

ఇంకోటి, ఒక మనిషిని పెట్టండి. వేలిగోరంత చాలు. పుట్టిన కాసేపటికే పసిపిల్లలు ముఖంలాంటి ఆకారం వైపు తల తిప్పుతారు, అంత పాత అలవాటు మనది. ఎదుటి మనిషి ఎటు చూస్తే మనమూ అటే చూస్తాం కాబట్టి, ఆ బొమ్మ తల మలుపు వైపు తిప్పండి. అంత చిన్నదాంట్లో కళ్లు ఎలాగూ కనపడవు.

అన్నట్టు, ఈ పరిణామ వివరణలు శిలాశాసనాలేం కావు, మనం పెరిగిన వాతావరణమూ అభిరుచిని మారుస్తుంది. టెన్షన్ పడకుండా ముందు బొమ్మ మీద ట్రేసింగ్ పేపర్ పరిచి, పెన్సిల్‌తో బాట గీసి చూసుకోండి.