ఫిన్లాండ్ అధ్యక్షుడు పాసికివి చిన్నతనం, చదువు ఎలా సాగాయి? ఆయనకి రష్యన్ ఎలా వచ్చింది?

హెల్సింకీలో ఉద్యోగానికి చేరిన కొత్తలో సాయంత్రాలు ఫిన్నిష్ క్లాసుకి వెళ్ళేవాణ్ణి. ఓ రోజు మా టీచరమ్మ బోర్డు మీద ‘కివి’ అని రాసింది. నేను పండు అనుకున్నాను. కాదట, రాయి అట! పక్కనే ‘పాసి’ అని రాసి, బల్లపరుపుగా ఉండే బండ అంది. రెండూ కలిపితే అచ్చంగా మన బండరాయి. మా అమ్మమ్మ పుట్టింటివారు రాళ్ళబండివారు కావడంతో, ఆ పేరు మరి మర్చిపోలేదు.

అసలు ఆయన పుట్టింది ఆ పేరుతో కాదు. 1870 నవంబరు 27న పుట్టినప్పుడు యోహాన్ గుస్తాఫ్ హెల్‌స్టెన్. అది స్వీడిష్ పేరు, దాని అర్థమూ బండరాయే. 1885లో, అంటే పదిహేనేళ్ళకే, పేరుని ఫిన్నిష్‌లోకి మార్చుకుని యూహో కుస్తీ పాసికివి అయ్యాడు. ఫిన్లాండ్‌లో వేలాది కుటుంబాలు ఒక్కసారిగా ఇంటిపేర్లు మార్చుకున్నది 1906లో. ఈ కుర్రాడు వాళ్ళకంటే ఇరవై ఏళ్ళు ముందే ఆ పని చేశాడు.

అప్పటికే తల్లీ లేదు, తండ్రీ లేడు. తండ్రి వ్యాపారి. ఇద్దరూ పోయాక లాహ్తిలో మేనత్త చేరదీసింది. పై చదువు హమేన్‌లిన్న ఊళ్ళోని లైసియంలో, అంటే హైస్కూల్లో. సంగీతకారుడు సిబేలియస్ చదివిందీ అక్కడే. ఆ రోజుల్లో చదువుకున్నవాళ్ళ భాష స్వీడిష్. ఫిన్నిష్ మాధ్యమంలో హైస్కూలు చదువంటేనే కొత్త సంగతి. ఆ బడిలో పాఠాలు ఫిన్నిష్‌లో చెప్పేవారు. మనవాడు క్లాసులో ఫస్టు.

ఇక రష్యన్ సంగతి. ఎప్పటికైనా రాయబారం చేయాల్సి వస్తుందని ముందుచూపుతో నేర్చుకున్నాడని కొందరంటారు. నాకు అలా అనిపించదు. హెల్సింకీ విశ్వవిద్యాలయంలో ఆయన మొదట పట్టుకున్నది లా కాదు, చరిత్ర, రష్యన్. భాష కోసం రష్యాలోని నోవ్‌గొరోద్ వెళ్ళి కొన్నాళ్ళు ఉన్నాడు కూడా. 1892లో ఆర్ట్స్ డిగ్రీ చేతికొచ్చాకే న్యాయశాస్త్రం వైపు మళ్ళాడు. 1897లో లా డిగ్రీ, అదే ఏడు పెళ్ళి, 1901లో డాక్టరేటు. ఆ తర్వాత కొద్దికాలం విశ్వవిద్యాలయంలో పరిపాలనా చట్టం బోధించాడు. ఇరవై ఏళ్ళ కుర్రాడు ఇష్టంగా చదివిన భాష అది, అంతే. నేనైతే మూడేళ్ళు క్లాసులకి తిరిగినా ఫిన్నిష్ విభక్తుల దగ్గరే ఆగిపోయాను, కాబట్టి అవసరం ఒక్కటే భాష నేర్పదని ఒట్టేసి చెప్పగలను.

ఆ భాష తెలిసినవాడికి రష్యన్లతో పని 1920లో పడింది. సోవియట్ రష్యాతో తార్తులో జరిగిన శాంతి చర్చల్లో ఫిన్లాండ్ బృందానికి ఆయనే పెద్ద. మళ్ళీ 1939 అక్టోబరులో, సరిహద్దు గురించి మాట్లాడడానికి మాస్కో వెళ్ళిన బృందానికీ ఆయనే పెద్ద. ఎదురుగా స్టాలిన్, ఆయన విదేశాంగ మంత్రి మొలొతోవ్. ఆయనకి అప్పటికి డెబ్భై ఏళ్ళు దగ్గరపడ్డాయి. చర్చలు ఫలించలేదు, నవంబరు 30న సోవియట్ యూనియన్‌తో యుద్ధం మొదలైంది. అధ్యక్షుడైంది 1946లో.

హెల్సింకీ వస్తే కంప్పి దగ్గర ఆయన స్మారకం చూడండి. విగ్రహం కోసం వెతక్కండి, దొరకదు. రెండు పెద్ద నల్లరాతి దిమ్మెలు, పేరు ‘తూర్పు, పడమర’. చెక్కినాయన హారీ కివియార్వి. ఆయన పేరులోనూ రాయి ఉంది చూశారా.