ఖాళీ సంపాదకీయంతో మొదలుపెట్టకు

తమ్ముడూ,

పత్రికాధిపతి రామ్‌నాథ్ గోయెంకా మీద నువ్వు రాసి పంపిన మొదటి అధ్యాయం రెండుసార్లు చదివాను. వాక్యం బాగానే నడుస్తోంది, ఆ బెంగ లేదు. కానీ 1975 జూన్ 28న ఎమర్జెన్సీ సెన్సార్‌షిప్‌కి నిరసనగా ఆయన పత్రిక ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంపాదకీయం చోటు ఖాళీగా వదిలేసిన సంగతితో ఎత్తుకున్నావు. అందరూ అక్కడే ఎత్తుకుంటారు. మొదటి పేజీలోనే ఆయన వీరుడైపోతే, ఆ తర్వాత ఆ పీఠం మీంచి దించడం నీ తరం కాదు.

1959 ఏప్రిల్‌కి వెళ్లు. మద్రాసులో అచ్చయ్యే తన తెలుగు దినపత్రిక ఆంధ్రప్రభను విజయవాడకు తరలించాలనుకున్నాడాయన. పనివాళ్లు సమ్మె కట్టారు. ఆయన తగ్గలేదు. తగాదా సుప్రీంకోర్టు దాకా పోయింది. సంపాదకుడు నార్ల వెంకటేశ్వరరావు ఆ ఏడాదే బయటికొచ్చి, 1960లో మొదలైన ఆంధ్రజ్యోతికి సంపాదకుడయ్యాడు. ఎమర్జెన్సీలో సర్కారుకి వంగని ఆ నడుము అంతకు పదహారేళ్ల ముందు సొంత పనివాళ్లకీ వంగలేదు. ఒకదాన్ని ధైర్యమనీ, ఇంకోదాన్ని అహంకారమనీ విడివిడిగా మూట కట్టకు. మనిషి ఒక్కడే కదా.

రాజకీయాల భాగం తేదీల పట్టికలా ఉంది. రాజ్యాంగ సభలో కూర్చున్నాడు, 1971లో జనసంఘ్ టికెట్ మీద మధ్యప్రదేశ్‌లోని విదిశ నుంచి లోక్‌సభకి గెలిచాడు. సరే. అంతకంటే రుచైన సంగతి నీ చేతిలో ఉంది, వదిలేశావు: ఇందిరాగాంధీ భర్త ఫిరోజ్ ఒకప్పుడు ఆయన పత్రికలోనే ఉద్యోగం చేశాడు! ఆ ఇంటితో ఆయనకున్న లెక్క ఎమర్జెన్సీతో మొదలైంది కాదు.

ఇంకొకటి. నేను పత్రిక డెస్కులో పనిచేసిన రోజుల్లో మా యజమాని మంచివాడే. అయినా రాత్రి పదకొండుకి ఆయన ఫోను మోగిందంటే అందరికీ టెన్షనే, ఏ వార్త లేచిపోతుందో అని. నీ అధ్యాయంలో ఆ ఫోను ఒక్కసారి కూడా మోగలేదు. పత్రికాధిపతి గురించి రాస్తూ కింద పనిచేసినవాళ్లని ఒక్కరినీ మాట్లాడనివ్వలేదు నువ్వు.

విదిశకి రెండు పేరాలు చాలు. ఆ ఏప్రిల్‌కి ఇరవై పేజీలు తీసుకో. ముందు కోర్టు తీర్పు చదువు, రెండు పక్షాల వాదనలూ అందులో దొరుకుతాయి. తర్వాత విజయవాడ వెళ్లి అప్పటి కంపోజిటర్ల పిల్లలు ఎవరైనా ఉన్నారేమో వాకబు చెయ్యి. బయల్దేరే ముందు నాకొక ఫోను కొట్టు. అక్కడ నాకు తెలిసినవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు.

నీ అన్నయ్య