"మోసపోయాం" అన్న మాటను నేను ఎందుకు ఒప్పుకోను

మీరు అడిగిన ప్రశ్న ఇది: ఇరాక్ వద్ద సామూహిక విధ్వంసక ఆయుధాలు ఉన్నాయని 2002లో గట్టిగా చెప్పి యుద్ధానికి ఓటు వేసిన అమెరికా నాయకుల్లో చాలామంది తర్వాత "మమ్మల్ని తప్పుదారి పట్టించారు" అన్నారు కదా, వారు నిజంగా మోసపోయారా, లేక గాలి ఎటు వీస్తే అటు మాట మార్చారా? వారు మోసపోలేదన్నదే నా జవాబు. చదవవలసిన కాగితం చేతికందే దూరంలో ఉన్నా చదవకుండా, ఆ రోజున ఏమంటే తమ పదవికి చేటు రాదో ఆ మాట అన్నారు. ఈ విషయంలో నాకు ఇంత పట్టుదల ఎందుకో తెలియాలంటే, ఆ మాటలు నమ్మి కువైట్‌లో ఒక గది కిటికీలకు టేపు అంటించుకొని కూర్చున్న రోజు గురించి ముందు చెప్పాలి.

అప్పటికి నేను కువైట్ వెళ్ళి నాలుగేళ్ళయింది. భవన నిర్మాణ సామగ్రి గోదాము ఒకదానిలో లెక్కలు రాసేవాణ్ణి. జలీబ్ ప్రాంతంలోని అబ్బాసియాలో, మూడో అంతస్తు గదిలో ఆరుగురం ఉండేవాళ్ళం. నలుగురిది కడప జిల్లా, మేమిద్దరం గోదావరి వైపు వాళ్ళం. 2003 ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగ మంత్రి కాలిన్ పావెల్ ఐక్యరాజ్య సమితి భద్రతా మండలిలో చేసిన ప్రసంగాన్ని, పని నుంచి వచ్చి బట్టలైనా మార్చుకోకుండా టీవీలో చూశాం. ఆయన రెండు వేళ్ళ మధ్య చిన్న గాజు సీసా ఒకటి పట్టుకొని, టీస్పూను కంటే తక్కువ ఆంథ్రాక్స్ పొడి 2001లో అమెరికా సెనేట్‌ను మూయించిందని చెప్పారు. మా ఆరుగురిలో ఇంగ్లీషు వచ్చినది ఇద్దరికే, కానీ ఆ సీసా చూశాక ఎవరూ నన్ను అర్థం చెప్పమని అడగలేదు.

మా గదిలో వయసులో పెద్దాయనను అందరం మామా అని పిలిచేవాళ్ళం. 1990 ఆగస్టులో ఇరాక్ సేన కువైట్‌లోకి దిగినప్పుడు ఆయన ఇక్కడే ఉండి, నానా అవస్థలు పడి జోర్డాన్ చేరుకొని, అమ్మాన్‌లో విమానం ఎక్కి ఇల్లు చేరినవాడు. ఈసారి వెళ్ళిపోదామన్నా మాకు దారి లేదు. పాస్‌పోర్టులన్నీ కంపెనీ బీరువాలో ఉన్నాయి. మా యజమాని తన కుటుంబానికి గ్యాసు మాస్కులు తెప్పించుకున్నాడని తెలిసి మా సూపర్‌వైజరు వెళ్ళి అడిగితే, పనివాళ్ళందరికీ తెప్పించడం కుదరదని చెప్పి పంపించాడు. మూడు నెలల పాటు మమ్మల్ని రాత్రి పదింటి దాకా పని చేయించుకున్న మనిషి ఆ ఒక్క మాటతో సరిపెట్టడం ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

మార్చి 20, గురువారం. తెల్లవారుజామున బాగ్దాద్ మీద దాడి మొదలైంది, ఆ రోజే కువైట్‌లో సైరన్లు మోగాయి. గోదాములో సిమెంటు బస్తాల మీద కప్పే ప్లాస్టిక్ పట్టాలు, అట్టపెట్టెలు అంటించే గోధుమ రంగు టేపు చుట్టలు నేను ముందుగానే తెచ్చిపెట్టాను. తీరా అంటించబోతే టేపు నిలవలేదు, ఎందుకంటే కిటికీ చట్రాల నిండా ఎడారి దుమ్ము. "అబ్బీ, ముందు తడిగుడ్డతో తుడువు, ఆరినాక అంటియ్యి, దుమ్ము మీద టేపు నిలుస్తాదా" అన్నాడు మామ. సైరను మోగుతూ ఉండగా చట్రం ఆరే దాకా ఆగడం ఎంత కష్టమో నాకు ఆ రోజు తెలిసింది. ఏసీ పెట్టిన కంత, తలుపు కింది సందు, బాత్రూం గాలిగూడు ఒక్కొక్కటే మూసుకుంటూ వచ్చాం. బాంబు పడుతుందంటే నేలమాళిగలోకి పరుగెత్తాలి, గ్యాసు అంటే పై అంతస్తులో ఉండాలి, ఎందుకంటే ఆ గ్యాసులు గాలి కంటే బరువు, కిందికి దిగుతాయి. పడేది ఏదో తెలియని మేము కిందికి పోవాలా, పైనే ఉండాలా అని వాదించుకున్నాం. చివరికి మామ, బాంబుకు పోతే ఒక్క క్షణంలో పోతాము, గ్యాసుకు అలా కాదు అని, మూడో అంతస్తే ఖాయం చేశాడు. గాలి తరిగిపోతుందని దేవుడి పటం ముందు వెలిగించిన అగరుబత్తి కూడా ఆర్పేసి, తడి తువాళ్ళు మొహాలకు కట్టుకొని కూర్చున్నాం.

ప్రమాదం తొలగిందన్న మోత వినిపించినా ఆ తలుపు తీయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. ఆ తర్వాతి రోజుల్లో సైరన్లు ఇంకా చాలాసార్లు మోగాయి. మార్చి 29 అర్ధరాత్రి దాటాక ఒక క్షిపణి సముద్రం ఒడ్డున ఉన్న సూక్ షర్క్ దుకాణాల సముదాయం దగ్గర పడింది కూడా. కానీ ఆ యుద్ధమంతటిలో కువైట్ మీద పడిన వాటిలో ఒక్క దానిలోనూ విషవాయువు లేదు.

నేను భయపడినందుకు నాకు ఎవరి మీదా కోపం లేదు. సద్దాం హుస్సేన్ 1988 మార్చిలో హలబ్జా పట్టణంలో కుర్దుల మీద విషవాయువు వదిలి సుమారు 5,000 మందిని చంపినవాడు, కాబట్టి ఆ భయానికి ఆధారం ఉంది. నా ఫిర్యాదు వేరు. అదే హలబ్జా జరిగిన ఏడాది, ఇరాక్ మీద ఆంక్షలు పెట్టాలని అమెరికా సెనేట్ బిల్లు ఆమోదిస్తే, రీగన్ ప్రభుత్వం దానిని వ్యతిరేకించింది. ఇరాన్‌తో పోరాడిన సద్దాం అప్పట్లో వారికి పనికొచ్చేవాడు. 1983 డిసెంబరులో రీగన్ దూతగా బాగ్దాద్ వెళ్ళి సద్దాంతో చేయి కలిపిన డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్, 2003 మార్చి 30న రక్షణ మంత్రి హోదాలో, ఆయుధాలు ఎక్కడున్నాయో మాకు తెలుసు, తిక్రిత్, బాగ్దాద్ చుట్టుపక్కల ఉన్నాయి అని టీవీలో చెప్పారు. ఆ మాట వినే సమయానికి మా కిటికీలకు టేపు ఇంకా అలాగే ఉంది.

పావెల్ గురించి నాకు తర్వాత తెలిసిన సంగతి మరీ బాధ కలిగించింది. సీసా చూపడానికి రెండేళ్ళ ముందు, 2001 ఫిబ్రవరిలో కైరోలో, ఆంక్షలు పనిచేశాయనీ, సామూహిక విధ్వంసక ఆయుధాల విషయంలో సద్దాం చెప్పుకోదగ్గ సామర్థ్యమేదీ సంపాదించలేదనీ, పొరుగు దేశాల మీదికి వెళ్ళే బలం అతనికి లేదనీ ఆయనే విలేకరుల ముందు అన్నారు. ఆ పొరుగు దేశాల్లో ఒకదానిలో నేను ఉన్నాను. ఈ రెండు మాటల మధ్య ఇరాక్‌లో ఏ కొత్త కర్మాగారమూ లేవలేదు; మారినది సెప్టెంబరు 11 తర్వాతి అమెరికా. పావెల్ 2005లో ఆ ప్రసంగం తన చరిత్రకు మచ్చ అని ఒప్పుకున్నారు. తర్వాత ఉపాధ్యక్షుడైన డిక్ చెనీ 1994లో, 1991 యుద్ధంలో బాగ్దాద్ దాకా ఎందుకు వెళ్ళలేదని అడిగితే, వెళ్ళి ఉంటే ఊబిలో దిగినట్లేనని చెప్పారు. 2002 ఆగస్టులో అదే మనిషి సద్దాం వద్ద ఆ ఆయుధాలున్నాయనడంలో సందేహమే లేదన్నారు.

ఇది ఒక పార్టీకి పరిమితమైన జబ్బు కాదు. 1998 అక్టోబరులో సద్దాం ప్రభుత్వాన్ని తొలగించడమే అమెరికా విధానమని చెప్పే చట్టం మీద సంతకం చేసినది డెమొక్రాట్ అయిన క్లింటన్. ప్రతినిధుల సభలో దానికి 360 ఓట్లు అనుకూలంగా, 38 ప్రతికూలంగా పడ్డాయి. ఆ డిసెంబరులో ఆయన ఇరాక్ మీద నాలుగు రోజుల పాటు బాంబులు వేయిస్తే, సెనేట్‌లో రిపబ్లికన్ల నాయకుడు ట్రెంట్ లాట్, ఈ సమయంలో ఈ చర్యను సమర్థించలేనని ప్రకటించారు, ఎందుకంటే అదే వారంలో క్లింటన్ అభిశంసన ఓటింగు ఉంది. 2002లో అధ్యక్షుడు తన పార్టీవాడయ్యేసరికి ఆయన అనుమానాలు తీరిపోయాయి. అటు డెమొక్రాట్ సెనేటర్లు జో బైడెన్, జాన్ కెర్రీ 1991లో, ఇరాక్ సేన కువైట్‌ను కళ్ళముందే ఆక్రమించి కూర్చున్నప్పుడు, యుద్ధం వద్దని ఓటు వేశారు. 52-47 తేడాతో తీర్మానం గట్టెక్కింది, యుద్ధం ఆరు వారాల్లో ముగిసింది, దేశమంతా చప్పట్లు కొట్టింది. 2002లో, సద్దాం తన దేశం దాటి ఎక్కడికీ వెళ్ళనప్పుడు, అదే ఇద్దరూ యుద్ధానికి సరే అన్నారు. మొదటిసారి వద్దని నష్టపోయామన్న భయమే రెండోసారి వారి చేత అవునని అనిపించిందన్న విషయంలో నాకు ఎటువంటి సందేహమూ లేదు. ఆ తర్వాత కెర్రీ, యుద్ధ ఖర్చుకు అడిగిన 87 బిలియన్ డాలర్ల గురించి, వ్యతిరేకంగా ఓటు వేయక ముందు అనుకూలంగానే వేశానని 2004 ఎన్నికల ప్రచారంలో చెప్పి అల్లరిపాలయ్యారు.

ఈ సందర్భంలో ఒక మాట చెప్పక తప్పదు. ఒక పార్టీ అభిమానులు రెండో పార్టీ నాయకుల పాత మాటలను ఏరి, వరసగా పేర్చి, చూశారా వీళ్ళూ అదే అన్నారు అని పంచుతూ ఉంటారు. ఆ మాటల్లో చాలావరకు నిజంగా అన్నవే, కానీ తేదీలు కోసేస్తారు, లేదా ముందు వాక్యం తీసేస్తారు. 1998లో, ఐక్యరాజ్య సమితి ఆయుధ తనిఖీ బృందాలు పని చేయలేక బయటికి వచ్చేసినప్పుడు అన్న మాటా, 2003 ఫిబ్రవరిలో, హాన్స్ బ్లిక్స్ నాయకత్వంలోని ఐక్యరాజ్య సమితి తనిఖీ బృందం ఇరాక్‌లో తలుపులు తెరిపించి చూస్తున్నప్పుడు అన్న మాటా ఒకటి కాదు. ఆ బృందం 2002 నవంబరు చివర నుంచి నాలుగు నెలలు కూడా నిండకుండానే ఏడు వందలకు పైగా తనిఖీలు చేసింది. అనుమతించిన 150 కిలోమీటర్ల పరిధి దాటుతున్న అల్ సమూద్ క్షిపణులను డెబ్బైకి అటూఇటూగా ధ్వంసం చేయించింది. అవి మా మీద పడగలిగిన క్షిపణులు! మేము గోదాములో టేపు చుట్టలు లెక్కపెట్టుకుంటున్న ఆ మార్చి నెలలోనే, వాటిని తనిఖీ అధికారుల ముందు నలగగొడుతున్నారు; ఆ పని పూర్తి కాకముందే అధికారులను బయటికి రమ్మని యుద్ధం మొదలుపెట్టారు.

ఇక "మోసపోయాం" అన్న వాదన దగ్గరికి వస్తాను. 2002 అక్టోబరు మొదట్లో, ఓటింగుకు సుమారు పది రోజుల ముందు, అమెరికా గూఢచార సంస్థలు కలిసి ఇరాక్ ఆయుధాల మీద తొంభైకి పైగా పేజీల రహస్య అంచనా నివేదిక తయారు చేసి కాంగ్రెస్‌కు ఇచ్చాయి. ఇరాక్ అణు కార్యక్రమాన్ని తిరిగి మొదలుపెట్టిందనడానికి తగిన ఆధారం లేదని విదేశాంగ శాఖ గూఢచార విభాగం అందులోనే రాసింది. ఇరాక్ కొన్న అల్యూమినియం గొట్టాలు యురేనియం శుద్ధికి అన్న వాదనతో ఇంధన శాఖ నిపుణులు విభేదించారు. ప్రజల కోసం విడుదల చేసిన పొట్టి ప్రతిలో ఈ అభ్యంతరాలు ఇంత స్పష్టంగా కనిపించలేదు, కానీ సభ్యులకు పూర్తి ప్రతి అందుబాటులో ఉంది. సెనేట్ గూఢచార కమిటీ అధ్యక్షుడు బాబ్ గ్రాహం దానిని చదివి, వ్యతిరేకంగా ఓటు వేశారు. అప్పుడు సెనేటర్‌గా ఉన్న హిల్లరీ క్లింటన్ పూర్తి నివేదిక చదవలేదు, సారాంశం విని అనుకూలంగా ఓటు వేశారు, అది తప్పని 2014లో రాశారు. తొంభై పేజీలు ఒక పూట పని. నేను నెల నెలా గోదాము లెక్కలు అంతకంటే ఎక్కువ పేజీలు చూసి సంతకం పెట్టేవాణ్ణి, తేడా వస్తే నా జీతం కోసేవారు. ఒక దేశం మీదికి సైన్యాన్ని పంపే కాగితాన్ని చదవకుండా సంతకం పెట్టినవారు, తర్వాత తమను ఎవరో మోసం చేశారనడం నాకు ఏ విధంగానూ సమంజసంగా తోచదు. ప్రతినిధుల సభలో 133 మంది, సెనేట్‌లో 23 మంది వద్దని ఓటు వేశారు. వారికి వేరే దేవుడు వచ్చి చెవిలో చెప్పలేదు, అందరికీ ఇచ్చిన సమాచారమే వారికీ ఇచ్చారు.

2004 జనవరిలో, ఆయుధాల వేటకు నాయకత్వం వహించిన డేవిడ్ కే సెనేట్ ముందుకు వచ్చి, దాదాపు మనమందరం పొరబడ్డామని చెప్పారు. రెండు నెలలకు, విలేకరుల విందులో అధ్యక్షుడు బుష్ తన కార్యాలయంలో బల్లల కింద వెతుకుతున్న ఫోటోలు చూపించి, ఆ ఆయుధాలు ఇక్కడే ఎక్కడో ఉండాలి అన్నారు, సభ నవ్వింది. ఆ వీడియో నేను చాలా ఏళ్ళ తర్వాత చూశాను. తడి తువాలు కట్టుకొని అగరుబత్తి ఆర్పుతున్న మామ మొహమే నాకు కనిపించింది, పూర్తిగా చూడలేకపోయాను.

అయితే నాయకుడన్నవాడు అభిప్రాయం మార్చుకోకూడదా అని మీరు ప్రశ్న చివర అడిగారు. తప్పకుండా మార్చుకోవచ్చు. నార్త్ కరొలైనా రిపబ్లికన్ సభ్యుడు వాల్టర్ జోన్స్ 2002లో యుద్ధానికి ఓటు వేశారు. యుద్ధాన్ని వ్యతిరేకించిన ఫ్రాన్స్ మీద కోపంతో, కాంగ్రెస్ క్యాంటీన్లలో ఫ్రెంచ్ ఫ్రైస్ పేరును ఫ్రీడం ఫ్రైస్ అని మార్పించినవారిలో ఆయన ఒకరు. తన నియోజకవర్గంలో ఒక సైనికుడి అంత్యక్రియలకు వెళ్ళి వచ్చాక ఆయన మనసు మారడం మొదలైంది. 2005లో, తన పార్టీ అధ్యక్షుడే పదవిలో ఉండగా, సైన్యాన్ని వెనక్కి రప్పించాలని తీర్మానం తెచ్చారు, సొంత పార్టీలో ఏకాకి అయ్యారు. తన కార్యాలయం బయట చనిపోయిన సైనికుల ఫోటోలు పెట్టించారు, వారి కుటుంబాలకు పది వేలకు పైగా ఉత్తరాల మీద తన చేత్తో సంతకం చేసి పంపారు, 2019లో చనిపోయే వరకు తన ఓటు తప్పని చెబుతూనే ఉన్నారు. మమ్మల్ని మోసం చేశారన్నవారి జాబితా నా వద్ద చాలా పొడుగ్గా ఉంది; మాట మార్చినవారిలో నేను నమ్మేది మాత్రం జోన్స్‌నే.