వాక్యూమ్ పైపుల షెడ్డు పెట్టిన అబ్బాయికి పెదనాన్న

ఒరేయ్ అబ్బాయ్,

అచ్యుతాపురంలో షెడ్డు తీసుకున్నావనీ, లిక్విడ్ నైట్రోజన్, ఆక్సిజన్ లైన్లకి వాక్యూమ్ జాకెట్ పైపులు, అంటే పైపు చుట్టూ ఇంకో పైపు వేసి మధ్యలో గాలి తీసేసినవి, చేస్తావనీ మీ నాన్న ఫోన్లో చెప్పాడు. వాడు సంతోషంగా ఇంకో మాట కూడా అన్నాడు, "పెద్ద పంపు కొన్నాడు అన్నయ్యా" అని. నాకు అక్కడే భయం వేసింది. బాలానగర్‌లో ముప్పై ఏళ్ళు ఇదే పని చేసినవాడిగా చెప్తున్నా, పంపు మీద పెట్టిన డబ్బులో సగం హీలియం లీక్ డిటెక్టర్ మీద పెట్టి ఉంటే నేను నిశ్చింతగా నిద్రపోయేవాణ్ణి.

రెండు పైపుల మధ్య గాలి తియ్యడం పెద్ద విద్య కాదురా. తీసిన ఖాళీ పదేళ్ళు ఖాళీగానే ఉండాలి, అదీ లోపల మైనస్ 196 డిగ్రీల చలి, బయట మే నెల ఎండ, పక్కన సముద్రం, కింద కంప్రెసర్ వణుకు ఉన్న చోట. లెక్క వేసి చూడు. 2 అంగుళాల పైపు మీద 4 అంగుళాల జాకెట్, 12 మీటర్ల స్పూల్ (తయారైన ఒక పైపు ముక్క) అనుకో, మధ్యలో ఖాళీ సుమారు 75 లీటర్లు వస్తుంది. లీకు మైనస్ తొమ్మిది రేంజ్‌లో, అంటే సెకనుకి మిల్లీబార్-లీటరులో వంద కోట్లో వంతు ఉంటే ఏడాదికి లోపల ప్రెషర్ 0.0004 మిల్లీబార్ పెరుగుతుంది. ఆ మాత్రం గెటర్, అంటే మిగిలిన వాయువుని పట్టుకోవడానికి లోపల పెట్టే పదార్థం, మింగేస్తుంది. అదే మైనస్ ఎనిమిది, అంటే దానికి పదింతలు అయితే ఏడాది తిరిగేసరికి 0.004. అప్పటికి లోపలి పైపుకి చుట్టిన ఇన్సులేషన్ పొరలన్నీ ఉన్నా వేడి లోపలికి దారి చేసుకుంటుంది, పైపుకి చెమట పడుతుంది, కస్టమర్ ఫోను వస్తుంది. ఈ లీకులు సబ్బు నురగకి దొరకవు. బయట హీలియం కొట్టి, అది లోపలికి దూరిందేమో డిటెక్టర్‌తో చూడాలి.

హీలియం కొట్టేటప్పుడు పైనుంచి కిందికి రా, అది తేలికైన వాయువు, కింద కొడితే పైన ఉన్న లీకు దగ్గరికి అదే వెళ్ళి నిన్ను తప్పుదారి పట్టిస్తుంది. రబ్బరు రింగులున్న చోట కాసేపయ్యాక రీడింగ్ మెల్లగా పెరిగితే కంగారు పడకు, హీలియం రబ్బరులోంచే పాకుతుంది. అందుకే శాశ్వతంగా ఉండే జాయింట్లలో రబ్బరు వద్దు. వెల్డింగ్ చెయ్యి, లేదా రాగి గాస్కెట్ వెయ్యి.

ఇప్పుడు నా సిగ్గుమాలిన కథ ఒకటి. ఒకసారి ఓ స్పూల్ తొమ్మిది రోజులు పంపు మీద ఉంది, ప్రెషర్ దిగదు. డిటెక్టర్ పెడితే లీకు లేదంటుంది. వెల్డర్‌ని తిట్టాను, పంపు ఆయిల్ మార్చాను, పంపు వాడిని కూడా తిట్టాను. చివరికి చూస్తే తప్పు నాదే. ఓ సపోర్ట్ రింగుకి బలంగా ఉంటుందని రెండు వైపులా ఫుల్ వెల్డ్ వెయ్యమని డ్రాయింగ్‌లో రాసింది నేనే. రెండు వెల్డుల మధ్య కాస్త గాలి చిక్కుకుపోయి, కనపడని సందులోంచి కొంచెం కొంచెంగా బయటికి వస్తోంది. బయటి నుంచి వచ్చే గాలి కాదు కాబట్టి హీలియంకి ఎప్పటికీ దొరకదు. అప్పటినుంచి వాక్యూమ్ వైపు ఒక్కటే పూర్తి వెల్డ్, రెండో వైపు కావాలంటే అక్కడక్కడా ట్యాక్, అంటే చుక్క వెల్డ్. అవతలికి తెరుచుకోని గుడ్డి రంధ్రంలో బోల్టు పెడితే బోల్టు మధ్యలో సన్నటి రంధ్రం చెయ్యాల్సిందే.

లీకు లేకపోయినా స్టీలే గాలి వదులుతుంది. దాని ఒంటికి అంటిన తేమ, లోపల ఇంకిన హైడ్రోజన్ నెలల తరబడి బయటికొస్తూనే ఉంటాయి. అందుకని పంపు నడుస్తుండగానే పైపుని వేడి చెయ్యాలి. ఇన్సులేషన్‌కి అల్యూమినైజ్డ్ మైలార్ (అల్యూమినియం పూత ఉన్న పలచటి ప్లాస్టిక్ పొర) చుట్టి ఉంటే 120 డిగ్రీలు దాటనివ్వకు, ఆ ఖాళీని మధ్యమధ్యలో పొడి నైట్రోజన్‌తో కడుగుతూ మూడు నాలుగు రోజులు ఓపిక పట్టు. డెలివరీ తేదీ దగ్గర పడితే అందరి చెయ్యీ మొదట ఈ బేకింగ్ మీదకే వెళ్తుంది, ఒకరోజు తగ్గిద్దాం సార్ అంటారు. తగ్గించకు. గెటర్ విషయంలో మాలిక్యులర్ సీవ్‌ని (వాయువుని పీల్చుకునే సన్న రంధ్రాల గుళికలు) చల్లగా ఉండే లోపలి పైపుకి ఆనించి పెట్టు, వెచ్చగా ఉంటే అది పట్టినదాన్ని వదిలేస్తుంది.

ఇంకోటి, మన దగ్గర కరెంటు సంగతి నీకు తెలుసు. రోటరీ పంపు ఆగిపోతే ఆయిల్ వెనక్కి నీ పైపులోకి పీల్చుకుంటుంది. కరెంటు పోగానే తనంతట తాను మూసుకునే వాల్వ్ మధ్యలో లేకుండా రాత్రి షిఫ్టు నడపకు.

సముద్రపు ఒడ్డు గురించి కాస్త గట్టిగానే చెప్తా. బయటి జాకెట్‌కి 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు వాడి డబ్బు మిగుల్చుకుందామనుకోకు, 316ఎల్ వెయ్యి, అందులో ఉన్న మాలిబ్డినం ఉప్పుగాలికి కాస్త తట్టుకుంటుంది. మామూలు ఇనుము కోసిన గ్రైండింగ్ వీలు, ఇనప బ్రష్షు స్టెయిన్‌లెస్ దగ్గరికి రానివ్వకు, వెల్డ్ రంగుని పిక్లింగ్ చేసి, అంటే యాసిడ్‌తో కడిగి తియ్యి. హైడ్రో టెస్టుకి, అంటే నీళ్ళు నింపి ప్రెషర్ పెట్టి చూసేటప్పుడు, అక్కడి బోరు నీళ్ళు పట్టావో, క్లోరైడ్‌ని నువ్వే చేతులారా లోపల పోసినట్టు. మా స్పూల్ ఒకటి మూడో వానాకాలంలో చెమట పట్టింది, ఎందుకని చూస్తే పార్ట్ నంబరు కోసం అంటించిన ప్లాస్టిక్ టేపు కింద సూదిమొనంత చిల్లు. టేపు కింద ఉప్పు తడి ఆరలేదు. నంబర్లు ఎలక్ట్రోకెమికల్‌గా చెక్కించుకో.

స్టీలు 30 డిగ్రీల నుంచి మైనస్ 196కి దిగితే మీటరుకి సుమారు 3 మిల్లీమీటర్లు ముడుచుకుంటుంది. 12 మీటర్ల పైపుకి 35 దాకా. ఈ ముడుచుకోవడాన్ని బెలోస్, అంటే హార్మోనియం తిత్తిలా సాగి ముడుచుకునే మడతల గొట్టం, తీసుకోవాలి. బెలోస్ గోడ చాలా పలచన, ఉప్పుగాలికి ముందు పోయేది అదే, కాబట్టి ఒడ్డున దాన్ని లోపలి పైపుకే పెట్టు, వాక్యూమ్ దాన్ని కాపాడుతుంది. పాడైతే కోసి తియ్యాలి, అది నిజమే. అయినా నా ఓటు దానికే. పొరలు చుట్టేటప్పుడు తలపాగా బిగించినట్టు బిగించొద్దు, పొరలు నలిగి అంటుకుంటే వేడి నేరుగా దాటుతుంది.

ఆక్సిజన్ లైను అయితే మైలార్ మర్చిపో, ఆక్సిజన్‌లో ప్లాస్టిక్, నూనె తేలిగ్గా అంటుకుంటాయి. అల్యూమినియం ఫాయిల్, గ్లాస్ పేపర్ (గాజు పీచు కాగితం) మాత్రమే. నూనె వేలిముద్ర కూడా ఉండకూడదు. 2021 ఏప్రిల్‌లో మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ విశాఖ ఉక్కు ఫ్యాక్టరీలో ట్యాంకర్లు నింపుకుని మహారాష్ట్ర వెళ్ళినప్పుడు, ఆ రెండు గోడల ట్యాంకుల మీద ఎన్ని ప్రాణాలు ఆధారపడ్డాయో తల్చుకుంటే, ఈ విషయంలో నేను చాదస్తంగా ఉన్నా పరవాలేదనిపిస్తుంది.

జాకెట్ మీద ప్రెషర్ వదిలే మూత తప్పనిసరి. లోపలి పైపు లీకైతే లీటరు ద్రవ నైట్రోజన్ దాదాపు 700 లీటర్ల వాయువు అవుతుంది, దారి లేకపోతే జాకెట్ బాంబే. సైటులో పెయింటర్లు ఈ మూత మీద కూడా రంగు కొట్టి అతికించేస్తారు. వెళ్ళి చేత్తో కదిపి చూసిరా.

పంపే ముందు లోపల లిక్విడ్ నైట్రోజన్ పోసి పైపుని బాగా చల్లబరిచి, ఆ చలిలోనే ఒకసారి, గది వేడికి తెచ్చాక ఇంకోసారి హీలియం టెస్టు చెయ్యి. వేడిగా ఉన్నప్పుడు మూసుకుని ఉండి చలికి తెరుచుకునే లీకులుంటాయి, వాటికి ఇదొక్కటే మందు.

వచ్చే నెల రెండో వారంలో వస్తాను. ఈలోగా డిటెక్టర్ కొంటే దాంతోపాటు వచ్చే టెస్ట్ లీక్ (డిటెక్టర్‌ని సరిచూసుకోవడానికి కొలత తెలిసిన చిన్న లీకు) మీద కాలిబ్రేషన్ తేదీ చూసి నాకు ఫొటో పెట్టు.

పెదనాన్న