నీళ్లు సగానికి తగ్గిస్తున్నాం, అయినా కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కావాలా?

ప్రశ్న: మాది బట్టలకు రంగులద్దే చిన్న యూనిట్. కడిగిన నీళ్లను వడగట్టి మళ్లీ వాడే ఏర్పాటు సొంతంగా చేసుకున్నాం. రోజుకు 10 వేల లీటర్లు బయటికి పోయేది 5 వేలకు తగ్గుతుంది. కాలుష్యం తగ్గించే మార్పుకీ అనుమతి తీసుకోవాలా? దీనికి పేటెంట్ వస్తుందా?

జవాబు: అనుమతి తీసుకోండి, అదీ బిగించకముందే. 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం 25వ సెక్షన్ ప్రకారం మార్చిన అవుట్‌లెట్‌ను (వాడిన నీరు బయటికి పోయే దారిని) వాడుకలోకి తేవాలన్నా ముందస్తు అనుమతి ఉండాలి. మార్పు మంచికా చెడుకా అన్న తేడా అక్కడ లేదు. పైగా ఇప్పుడున్న అనుమతి పత్రంలో రోజుకు ఎంత నీరు వదలాలో, శుద్ధి ప్లాంటులో ఏమేం ఉండాలో రాసి ఉంటుంది. తనిఖీకి వచ్చిన అధికారి దాన్నే పట్టుకుని చూస్తారు.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. అద్దకం యూనిట్లకు సీఓడీ (నీటిలోని మురికిని రసాయనికంగా విడగొట్టడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే లెక్క) పరిమితి లీటరుకు 250 మిల్లీగ్రాములు. ఇప్పుడు మీ నీటిలో 240 ఉందనుకుందాం. 10 వేల లీటర్లకు మొత్తం 2.4 కిలోలు. మీ ఫిల్టర్ అందులో పావు వంతు పట్టేసినా 1.8 కిలోలు మిగులుతుంది. అది 5 వేల లీటర్లలో కలిస్తే లీటరుకు 360. కాలుష్యం తగ్గింది, మీరు మాత్రం పరిమితి దాటారు! కాగితపు మిల్లుల వంటి కొన్నిటికి టన్ను ఉత్పత్తికి ఎంత నీరు వదలవచ్చో కూడా లెక్క ఉంది; ఎక్కువ చోట్ల మాత్రం గాఢతే, అంటే లీటరుకు ఎంత ఉందన్నదే, కొలమానం. నీళ్లు పొదుపు చేసే చిన్న యజమానిని ఇది వెనక్కి లాగుతుంది, దీన్ని మార్చాల్సిందేనని నా అభిప్రాయం. అయితే రాష్ట్ర మండలి పరిమితిని ఇంకా బిగించగలదే తప్ప సడలించలేదు. కాబట్టి మినహాయింపు మీద ఆశ పెట్టుకోకండి. చిక్కటి రంగు నీటిని మొదటి కడుగు దగ్గరే వేరుచేసి విడిగా శుద్ధి చేసేలా డిజైన్ మార్చండి. మామూలు ఫిల్టర్ ఉప్పును ఆపదు; నీళ్లు తిరిగేకొద్దీ టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాల మొత్తం) పేరుకుంటుంది, దాని పరిమితి లీటరుకు 2,100 మిల్లీగ్రాములు.

దరఖాస్తుకు పాత, కొత్త నీటి లెక్కలు, పైపుల బొమ్మ, ల్యాబ్ రిపోర్టు జతచేయండి. అన్ని విధాలా పూర్తయిన దరఖాస్తుపై నాలుగు నెలల్లో నిర్ణయం రాకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. ఒక్క కాగితం తక్కువైనా ఈ వాదన నిలవదు, అందుకే రసీదు భద్రం. తిరస్కరిస్తే 30 రోజుల్లో అప్పీలు చేయాలి.

శుద్ధిలో మిగిలే రసాయన బురద ప్రమాదకర వ్యర్థాల కిందికి వస్తుంది. 2016 నియమాల ప్రకారం దానికి వేరే ఆథరైజేషన్ కావాలి, మామూలుగా 90 రోజులకు మించి నిల్వ ఉంచకూడదు.

ఇక పేటెంట్. తెలిసిన పరికరాలను పక్కపక్కన పెట్టి, దేని పని అది చేసుకుంటుంటే పేటెంట్ల చట్టం సెక్షన్ 3(ఎఫ్) కింద పేటెంట్ రాదు. మీ అమరికలో కొత్తగా ఏదైనా ఫలితం వస్తోందా చూడండి. వస్తుంటే మండలికి బొమ్మలు ఇచ్చే ముందే ప్రొవిజనల్ (తాత్కాలిక) పేటెంట్ దరఖాస్తు వేయండి. పూర్తి వివరణకు 12 నెలల గడువు ఉంటుంది. ప్రభుత్వానికి పరిశీలన కోసం తెలిపినంత మాత్రాన కొత్తదనం పోదని అదే చట్టం 30వ సెక్షన్ చెబుతుంది. కానీ మెషీన్లు అమ్మేవాళ్లకో తోటి యజమానులకో చూపిస్తే ఆ రక్షణ ఉండదు. ఉద్యమ్ (చిన్న పరిశ్రమల నమోదు) సర్టిఫికెట్‌తో పేటెంట్ ఆఫీసుకు ఫారం 28 ఇస్తే చిన్న సంస్థగా ఫీజు తగ్గుతుంది, త్వరిత పరిశీలన కూడా కోరవచ్చు.